గాసన్న సంతకం పైన నేను రాసింది

పదకొండేళ్ళుగా ఒక కాగితం బరువు మోస్తున్నాను. అరచేయంత కాగితం. అంత చిన్న కాగితానికి బరువేమిటని మీకనిపించవచ్చు. మొదటి ఏడాది నాకూ అలాగే అనిపించింది.

నా పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చివర్లో చెప్తాను, అదేమీ గొప్ప కారణం కాదు. పని మాత్రం చెప్తాను. నేను లెక్కలు రాసే మనిషిని. ఇరవై ఆరేళ్ళుగా ఒకే కంపెనీలో ఉన్నాను. మాది గోడలు కట్టే కంపెనీ కాదు. ఎవరో కట్టిన గోడల్లోకి మేము కరెంటూ నీళ్ళూ తెస్తాం. వైరింగు, పైపులు, పంపులు, జనరేటర్లు. ఆ రోజుల్లో మన్యంలో మాకు నాలుగు పనులుండేవి. పాడేరులో రెండు గదులు అద్దెకు తీసుకుని సైటాఫీసు పెట్టారు. ఒక గదిలో సామాను, రెండో గదిలో నేను. వానాకాలం వస్తే రెండో గదిలోనూ సామానే, మధ్యలో ఒక కుర్చీకి చోటు.

మొదట మా లెక్కల పద్ధతి కాస్త చెప్పాలి. విసుగు పుడితే క్షమించండి, ఇది లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. మా పనులు ఏడాదికీ రెండేళ్ళకీ గానీ పూర్తి కావు. అందుకని ఎంత ఖర్చయితే అంత పని అయిపోయినట్టు లెక్క. మొత్తం ఖర్చులో సగం అయిందంటే సగం పని అయినట్టు, సగం లాభం వచ్చినట్టు. పద్ధతిలో తప్పేమీ లేదు, లోకమంతా అలాగే రాస్తుంది. కానీ అందులో ఒక సందు ఉంది. ఖర్చు చూపిస్తే చాలు, పని అయిపోయినట్టే. మార్చి నెల వచ్చేసరికి హెడ్డాఫీసు నుంచి ఫోన్లు మొదలయ్యేవి. మీ సైట్లు ఎంత శాతం అయ్యాయి, ఇంకా ఎందుకు కాలేదు, పై వాళ్ళకి ఏం చెప్పమంటారు. అప్పుడు సామాను లారీ మీద ఘాటు ఎక్కేది. వాడేసినట్టు రాసేవాళ్ళం. ఏప్రిల్లో అదే సామాను అదే లారీలో ఘాటు దిగి ఇంకో సైటుకి పోయేది.

మా ప్రాజెక్టు మేనేజరు ఈ విద్యలో ఆరితేరినవాడు. కొత్తలో ఆయనే నాకు నేర్పాడు. "మట్టి కిందకి పోయేది ముందు ఎక్కించండి మేడమ్. ఫ్యానులు, లైట్లు అయితే ఎవరైనా తలెత్తి లెక్కపెడతారు. మట్టి తవ్వి ఎవరూ చూడరు." ఆయన నవ్వితే నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా మొహం నాకే పరాయిదిలా ఉంటుంది.

మట్టి కిందకి పోయేవాటిలో అన్నిటికన్నా ఖరీదైనది ఎర్తింగు. గొయ్యి తవ్వి, అడుగున రాగి పలక పెట్టి, దాని చుట్టూ ఉప్పు ఒక పొరా బొగ్గు ఒక పొరా వేసి, పలక నుంచి ఒక పట్టీ పైకి తీసి బోర్డుకి కలుపుతారు. ఎక్కడైనా కరెంటు తప్పు దారి పడితే మనిషిలోంచి కాకుండా ఆ పట్టీలోంచి భూమిలోకి పోతుంది. కొండ నేల కాబట్టి అక్కడ గోతులు లోతుగా తవ్వాలి, ఉప్పూ బొగ్గూ ఎక్కువ పడతాయి. ఇదంతా నాకు చెప్పింది గాసన్న.

గాసన్న మా వైర్‌మన్. పాడేరుకి అవతల, జీపు దిగాక గంటన్నర నడిస్తే వచ్చే ఊరు అతనిది. ఆ ఊళ్ళో కరెంటు పని నేర్చుకున్న మొదటి మనిషి. మెత్తటి మాట. టెస్టరు లేకుండా అతన్ని నేను చూడలేదు, చొక్కా జేబులో పెన్ను ఉన్నట్టు ఉండేది. వేసిన ప్రతి స్విచ్చినీ నాలుగైదుసార్లు వేసి తీసి చూసుకునేవాడు. కాలిపోతుందయ్యా అని నేను ఆటపట్టిస్తే సిగ్గుపడేవాడు.

స్టోరులో సామాను తీసుకున్నవాళ్ళు వోచరు మీద సంతకం పెట్టాలి. ఏం తీసుకున్నాడో, ఎన్ని తీసుకున్నాడో పైన రాస్తాం, కింద అతని సంతకం. గాసన్న ఒక తీగచుట్ట కోసం పాడేరు వచ్చి సంతకం పెట్టి వెళ్ళాలంటే పూట పోతుంది. అందుకని మేమొక ఏర్పాటు చేసుకున్నాం. సంత రోజున కూలి డబ్బులకి ఎలాగూ వస్తాడు. అప్పుడే ఒక వోచరు పుస్తకంలో ఖాళీ కాగితాల మీద వరసగా పది పన్నెండు సంతకాలు పెట్టి వెళ్ళేవాడు. ఆ వారం జీపులో పంపిన సామాను నేను పైన రాసుకునేదాన్ని. ఏజెన్సీలో మా సైట్లన్నిటా అంతే. తప్పని అందరికీ తెలుసు, అలా కాకపోతే పని జరగదనీ అందరికీ తెలుసు. గాసన్న నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్దుతూ, పూర్తి పేరు రాసేవాడు. పొట్టి సంతకం చాలు గాసన్నా అంటే వినేవాడు కాదు.

ఆ ఏడాది మార్చిలో ఒక ఆశ్రమ పాఠశాల పని నడుస్తోంది. ఆడపిల్లల హాస్టలు. ఎనిమిది ఎర్తింగు గోతులు వేయాలి. రాగి పలకలు, ఉప్పు బస్తాలు, బొగ్గు బస్తాలు లారీలో పైకొచ్చాయి. గోతులు తవ్వే ముఠా వేరే ఉంది, వాళ్ళు రాయి పడిందని సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. నెలాఖరు దగ్గరపడింది. మేనేజరు వచ్చి, "వేసేసినట్టు రాసేయండి, ఏప్రిల్లో ఎలాగూ వేస్తాం కదా" అన్నాడు. నేను సొరుగు తీశాను. పైనే గాసన్న సంతకాల పుస్తకం ఉంది. ముఠా మేస్త్రీది ఒక్క సంతకమూ లేదు, గాసన్నవి పదకొండు ఉన్నాయి. ఒక కాగితం మీద రాసేశాను. రాగి పలకలు ఎనిమిది. ఉప్పు, బొగ్గు ఇన్నేసి బస్తాలు. ఆ వారమంతా గాసన్న అనంతగిరి వైపు సైటులో ఉన్నాడు. అక్కడికి పంపిందీ నేనే, హాజరు పుస్తకంలో రాసిందీ నేనే. అప్పుడు నాకది తప్పుగా తోచలేదు. ఏదో ఒక సంతకం కావాలి, అతనిది ఉంది. అంతకన్నా ఆలోచించలేదు. ఆలోచించకపోవడం నేరమా కాదా? పదకొండేళ్ళుగా ఇదొకటి అడుగుతూనే ఉన్నాను.

ఏప్రిల్లో ఆ రాగి పలకలు ఇంకో సైటుకి దిగిపోయాయి. ఉప్పూ బొగ్గూ కూడా. బిల్లు పాసు కావాలి కాబట్టి సగం తవ్విన గోతులు పూడ్చి పైన సిమెంటు మూతలు పెట్టించారు. మూత పక్కనుంచి పైకి కనపడేలా పట్టీ ముక్కలు గుచ్చారు. లోపల అవి దేనికీ తగల్లేదు. గాసన్న అనంతగిరి నుంచి తిరిగొచ్చి, మూతలు చూసి, ఎర్తింగు అయిపోయిందనుకుని, ఆ పట్టీలకి తీగలు కలిపి హాస్టలుకి కరెంటు ఇచ్చాడు. అతన్ని నమ్మించింది మా మూతలే.

బడి తెరిచారు. వానలు పడ్డాయి. ఒక సంత రోజున గాసన్న కూలి డబ్బులకి వచ్చి, డబ్బులు లెక్క చూసుకోకుండా నిలబడ్డాడు. వాళ్ళమ్మాయి ఆ హాస్టల్లోనే ఏడో తరగతి. "కుళాయి ముట్టుకుంతే సెయ్యి జుమ్మంతందంట అమ్మా. మా గుంట సెప్పింది. పిల్లలు భయపడతన్నారు. ఎర్తింగు ఎక్కడో ఊడిపోనాది, బేగి సూడాల" అన్నాడు. నేను మేనేజరుకి చెప్తానన్నాను. చెప్పాను కూడా. ఆయన చూద్దామన్నాడు. రెండు వారాలు చూశాం. గాసన్న ఊరుకోలేదు, హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళి చెప్పాడు. ముందు పంపు స్విచ్చి ఆపించేసి, పిల్లల్ని కుళాయిల దగ్గరికి పోనివ్వొద్దన్నాడు. హెడ్‌మాస్టరు పై ఆఫీసుకి రాశారు. ఇంజనీరు వచ్చి ఒక గొయ్యి తవ్వమన్నాడు. గునపం పట్టుకుని తవ్వింది గాసన్నే. లోపల ఎర్రమట్టీ రాళ్ళూ తప్ప ఏమీ లేవు. మిగతా ఏడూ అంతే.

పిల్లలెవరికీ ఏమీ కాలేదు. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, మీరు భయపడుతూ చదవకుండా. ఏమీ కాకపోవడానికి కారణం గాసన్న. నేను కాదు.

హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కాగితాలు అడిగాడు. మేనేజరు నా వైపు చూశాడు. నేను వోచరు తీసి బల్ల మీద పెట్టాను. పెట్టేముందు ఒక్క క్షణం ఆగానా? ఆగాననే గుర్తు. కానీ ఆ ఆగడం నేను తర్వాత కల్పించుకున్నదేమోనని అనుమానం. ఎనిమిది రాగి పలకలు, ఉప్పు, బొగ్గు, కింద గాసన్న పూర్తి పేరు, దిద్ది రాసిన అక్షరాలు. పెద్దాయన గాసన్నని పిలిపించాడు. ఆ గది చిన్నది. అతను గుమ్మం దగ్గర నిలబడ్డాడు, చెప్పులు బయట విడిచి. సామానంతా ఏం చేశావని అడిగారు. నాకెవరూ ఇవ్వలేదన్నాడు. సంతకం నీదేనా అన్నారు. కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నాదే అన్నాడు. తర్వాత వాళ్ళిద్దర్నీ వదిలేసి నా వైపు తిరిగాడు.

"మోదకొండమ్మ తోడమ్మా, నాను ఎరగను. మీరు సెప్పండి. ఈ సామాను నాకు ఇచ్చినారా?"

"సంతకం నీదే కదా, గాసన్నా."

అంతే. నేనన్న మాట అదొక్కటే. కావాలంటే ఇంకోసారి చదవండి, అందులో ఒక్క అబద్ధం లేదు. సంతకం అతనిదే. చాలా ఏళ్ళు ఈ మాట వెనక దాక్కున్నాను. నేను ఇచ్చానని అనలేదు, అతను తీసుకున్నాడని అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పలేదంతే. కానీ అతను అడిగింది సంతకం గురించి కాదు కదా. హాజరు పుస్తకం నా మోచేతి కిందే ఉంది. తెరిచి ఆ వారం పేజీ చూపిస్తే అయిపోయేది. అనంతగిరిలో ఉన్న మనిషి ఇక్కడ సామాను ఎలా తీసుకుంటాడు? దొంగతనం చేసినవాడు తనే వెళ్ళి గొయ్యి తవ్వమంటాడా? ఆ గదిలో ఎవరైనా అడగొచ్చు ఈ ప్రశ్న. ఎవరూ అడగలేదు. నేను మోచెయ్యి తీయలేదు.

ఎందుకు తీయలేదు? నిజం చెప్తే మేనేజరుతో పాటు నేనూ పోతాను, అది ఒకటి. ఇంకోటి ఉంది. నాకు విశాఖపట్నం బదిలీ కావాలి. మా అమ్మాయి అనకాపల్లిలో మా అత్తగారి దగ్గర ఉండి చదువుకుంటోంది. ఆదివారం వెళ్ళి సోమవారం తెల్లారే ఘాటు బస్సు ఎక్కడం నా వల్ల కావడం లేదు. బదిలీ కాగితం మేనేజరు బల్ల మీదే ఉంది. గాసన్న కూతురి ఈడే మా అమ్మాయిదీ అని అప్పుడు తట్టలేదు. బదిలీ అయ్యాక, ఆటోలో ఇంటికి వెళ్తుంటే తట్టింది.

కేసు పెట్టకుండా గాసన్నని వదిలేశారు. దయ తలచి, అని కాగితంలో రాశారు. ఆ ముక్క నేనే టైపు చేశాను. రెండు నెలల కూలి ఆపారు, పనిలోంచి తీసేశారు. ఆగస్టులో హాస్టలుకి నిజమైన ఎర్తింగు వేయించారు, ఆ ఖర్చు గాసన్న పేరు మీద బాకీగా రాశారు. రాశారేమిటి, రాశాను. ఏడాది చివర ఆ బాకీ వసూలు కాదని కొట్టేశాను. చూడండి ఎంత చక్కగా ఉందో. వేయనిది వేసినట్టు రాసి లాభం చూపించాం. తర్వాత అది పోయినట్టు రాసి ఒక మనిషి మీద వేశాం. ఆ తర్వాత మనిషి దగ్గర ఏమీ లేదని చేతులు దులిపేసుకున్నాం. మూడూ నా చేతి రాతే, మూడింటికీ ఆధారం ఒకటే కాగితం. ఆడిటరు మూడింటికీ టిక్కు పెట్టాడు. లెక్క సరిపోయింది.

ఆ తర్వాతి సంగతులు పాడేరులో మా పాత ఆఫీసు ఇంటావిడ ఫోనులో చెప్తుండేది, నేను అడక్కుండానే. గాసన్నకి ఏ కాంట్రాక్టరూ పని ఇవ్వలేదు. వాళ్ళ ఊళ్ళో పెద్దలు కూర్చుని అడిగారు, మన పిల్లల హాస్టలు సామాను అమ్ముకున్నావా అని. రాగి పలకల మాట జనానికి అంతగా పట్టలేదు. ఉప్పు మాట పట్టింది. వాళ్ళావిడ సంతలో పసుపూ రాజ్‌మా అమ్మేది. బేరానికొచ్చినవాళ్ళు, "ఉప్పు లేదేటి ఈయేళ?" అని నవ్వేవారట. వారం వారం అదే మాట. కొన్నాళ్ళకి ఆవిడ సంతకి రావడం మానేసింది. ఈ ముక్క విన్న రోజు నేను అన్నం తినలేకపోయాను అని రాయాలని ఉంది. తిన్నాను. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా చూసుకున్నాను.

ఇన్నేళ్ళూ నన్నెవరూ ఏమీ అనలేదు. రెండు ప్రమోషన్లు వచ్చాయి. మేనేజరు ఇంకో కంపెనీకి వెళ్ళిపోయాడు. కొత్తగా చేరినవాళ్ళకి నేనే పాఠాలు చెప్తాను, ఖాళీ వోచరు మీద ఎప్పుడూ సంతకం పెట్టించుకోకండి అని. చెప్తున్నప్పుడు నా గొంతు చాలా గట్టిగా ఉంటుందని ఒకమ్మాయి అంది. నాకు అలిసిపోయినట్టుంటుంది. పని వల్ల కాదు. ఒకే పేజీ దగ్గర పదకొండేళ్ళు కూర్చున్న అలసట.

పోయిన నెల గడువు తీరిన పాత పుస్తకాలు చింపడానికి జాబితా తయారు చేశారు. సంతకానికి నా దగ్గరికి వచ్చింది. పాడేరు పెట్టె నేనే తెరిచాను. అన్నిటికన్నా అడుగున గాసన్న వోచరు పుస్తకం. నేను రాసిన కాగితం కార్బను నకలు, దాని వెనక ఇంకా ఏడు కాగితాలు. ఖాళీవి. కింద సంతకం ఉన్నవి. పదకొండేళ్ళుగా ఆ ఏడు సంతకాలు మా దగ్గరే ఉన్నాయి. వాటి పైన ఎవరు ఏది రాసినా గాసన్న మాటే అవుతుంది. నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది, చెప్పేస్తాను. ఒక కాగితం మీద, మేడమ్ మీద నాకు కోపం లేదు అని రాసుకుంటే ఎలా ఉంటుంది? రాయలేదు. కానీ రాయాలని చెయ్యి వెళ్ళింది.

ఆ పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి తెల్లకాగితం మీద, ఈ సామాను గాసన్నకి ఇవ్వలేదు, సంతకం ముందే పెట్టి ఉంది, పైన రాసింది నేను అని రాసి, నా పూర్తి పేరు పెట్టాను. పొట్టి సంతకం కాదు. సంత రోజు చూసుకుని పాడేరు బస్సు ఎక్కాను.

గాసన్న సంతలో టార్పాలిన్ కింద కూర్చుని మిక్సీలూ టార్చిలైట్లూ బాగుచేస్తున్నాడు. జుట్టు నెరిసింది. జేబులో టెస్టరు అలాగే ఉంది. నన్ను గుర్తుపట్టాడు, లేవలేదు. కూర్చోమనలేదు. నేను పుస్తకం, కాగితం రెండూ ఇచ్చాను. ముందు పుస్తకం తెరిచి ఖాళీ కాగితాలు లెక్కపెట్టాడు. ఏడూ ఒక్కొక్కటి చింపి, నాలుగు మడతలు పెట్టి, పనిముట్ల పెట్టెలో అడుగున పెట్టుకున్నాడు. తర్వాత నా కాగితం చదివాడు. నెమ్మదిగా, చివరి దాకా. చదివి తిరిగి నా చేతిలో పెట్టాడు.

"ఇది నాకెందుకమ్మా? నాకు తెలిసిందే కదా. తెలీనోలికి సెప్పండి."

అని, పక్కనున్న మిక్సీ ముందుకి లాక్కుని స్క్రూ తిప్పడం మొదలెట్టాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. చుట్టూ సంత. పసుపు అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, ఉప్పు మాట అని నవ్వినవాళ్ళు అక్కడే ఎక్కడో ఉండి ఉంటారు. నిలబడి నాలుగు మాటలు పైకి చదివితే చాలు. కాగితం చేతిలోనే ఉంది. మడిచి సంచిలో పెట్టేసుకున్నాను. వచ్చిన బస్సే ఎక్కి తిరిగొచ్చేశాను.

నా పేరు ఎందుకు చెప్పలేదో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. పేరున్న కాగితం ఇంకా నా సంచిలోనే ఉంది. మళ్ళీ సంతకి వెళ్తానో, వెళ్ళినా నోరు విప్పుతానో, నాకు తెలియదు. మీకు చెప్పడం సంతలో చెప్పడంతో సమానం కాదని తెలుసు. అయినా ఇది రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది, ఆ మాట ఒప్పుకోవడానికీ సిగ్గుగానే ఉంది. ఆ చిన్న గదిలో, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడి, అతను నన్నొక ప్రశ్న అడిగాడు. ఈ సామాను నాకు ఇచ్చినారా, అని.

లేదు, గాసన్నా. ఇవ్వలేదు.